నాయనమ్మ నేర్చుకున్న ఒక్క అక్షరం

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ, అమ్మ, అక్క, నేను ఉన్నాం. మావయ్య కూడా ఉన్నాడనే అనాలి. పొద్దున్నుంచి వస్తూ పోతూనే ఉన్నాడు. ఒకసారి లాప్‌టాప్ తెచ్చాడు, దాని తీగ మరిచిపోయి మళ్ళీ వెళ్ళాడు. నాన్న లారీతో ఎక్కడో దారిలో ఉన్నాడు. ఇంకా రావలసినవాళ్ళు ముగ్గురున్నారు గానీ, వాళ్ళకి కుర్చీలు అక్కర్లేదు. పదకొండింటికి లాప్‌టాప్ తెరలోకి వస్తారు.

ఆ ముగ్గురి కోసం ముందుగది గోడ మీది పాత క్యాలెండర్లన్నీ పీకేశాం. అమ్మ కుట్టుమిషను వంటింట్లోకి మారింది. అమ్మ కుట్టే బడిపిల్లల యూనిఫారాలు మూటలుగా కట్టి మంచం కిందకి తోశాం. తర్వాత ఆ మూటలు కూడా కెమెరాలో కనబడతాయని మావయ్య అనేసరికి, వాటిని బాత్‌రూమ్ పక్క సందులోకి మార్చాం. కెమెరా చూడని చోట కూడా అమ్మ సబ్బునీళ్ళు పోసి కడిగింది.

జపాన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో పనికి అక్కని ఎంపిక చేసేది ఆ రోజే. ముసలివాళ్ళని చూసుకునే పని అక్క ముందే నేర్చుకుంది. భాష మాత్రం మా మండలంలో ఒక మాస్టారి దగ్గర నేర్చుకుంటోంది. ఆయన అక్కడే అలాంటి ఆశ్రమంలో పనిచేసి వచ్చినవాడు. ఎంపిక రెండు భాగాలని ఆయన చెప్పాడు. మొదట వాళ్ళు కంజి అనే బొమ్మల్లాంటి అక్షరాలు చూపిస్తే చదవాలి. తర్వాత ఒక ముసలి మనిషిని మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టి చూపించాలి, ఆ మనిషితో మాట్లాడుతూ.

ముసలి మనిషి మా ఇంట్లోనే ఉంది కాబట్టి వెతుక్కోవలసిన పని లేకపోయింది.

"జీతం ఎంతిస్తారో అడగవే ముందు," అంది నాయనమ్మ, ఈ సంగతి విన్న రోజున. "ఊరికే రోగిష్టిదానిలా పడుకోడానికి నేనేం పనీపాటా లేనిదాన్నా?"

"మీకు సహజంగా వచ్చిన విద్యే కదా అత్తయ్యగారూ," అన్నాడు మావయ్య. "రోజూ మధ్యాహ్నం చేసేదే కెమెరా ముందు చెయ్యండి."

"నీ బండి రిపేర్లు చూసుకో అబ్బాయ్. పోయిన వారం నువ్వు బాగుచేసిన బండి మన వీధి మలుపు కూడా తిరగలేదట."

వియ్యాలవారి హాస్యం అలా నడుస్తూనే ఉండేది. మావయ్య నన్ను సైలెన్సర్ అని పిలుస్తాడు. బళ్ళో టీచరు పేరు పిలిస్తే లేచి నిలబడతాను గానీ "ప్రెజెంట్" అనను. నేను లేచానో లేదో చూసి ఆవిడే రాసుకుంటుంది.

అక్క చదువుతుంటే కార్డులు పట్టుకునేది నేను. అట్టముక్క మీద ఒకవైపు అక్షరం, వెనక దాని అర్థం, దాన్ని ఎన్ని రకాలుగా చదువుతారో ఆ చదువులు. నేను అక్షరం చూపిస్తే అక్క చెప్పాలి. వెనకవైపు నాకు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, అక్క తప్పు చెప్పినప్పుడల్లా సరైనది నాకు వచ్చేస్తుండేది. నేర్చుకుంటున్నానని నాకే తెలియలేదు.

అక్కకి అర్థాలు వచ్చేవి. చదువుల దగ్గరే తడబడేది. ఒకే అక్షరానికి రెండు మూడు చదువులు ఎందుకుండాలని కార్డు విసిరికొట్టేది. ఒకసారి అలా విసిరిన కార్డు వెళ్ళి నాయనమ్మ ఒళ్ళో పడింది. దాని మీద 痛 అని ఉంది.

"ఇదేంటే, ఇల్లా?" అంది నాయనమ్మ, కార్డు తిరగేసి మరగేసి. ఆవిడ మా ఊరి బళ్ళో ఆయాగా చేసింది. పిల్లల ముక్కులు తుడిచింది, గంట కొట్టింది, నల్లబల్ల మీద రాసిన అక్షరాలన్నీ తుడిచింది. ఒక్క అక్షరం చదవడం రాదు.

నేను పక్కన కూర్చుని చెప్పాను. పైనుంచి ఎడమవైపుకి చూరులా వాలిన గీత, దాని పక్కన రెండు చిన్న గీతలు. రోగాలకి సంబంధించిన అక్షరాలకి అది ఉంటుంది. పూర్వం అది మంచం బొమ్మట, మంచాన పడ్డ మనిషట. లోపల ఉన్న భాగం నాకైతే పట్టుకునే కమ్మీ ఉన్న బొక్కెనలా కనిపిస్తుంది. మొత్తం కలిపితే నొప్పి.

నాయనమ్మ కార్డుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "మంచం, దాని కింద బొక్కెన. మంచాన పడ్డవాడికి ఇంకేం కావాలే? ఎవడు రాశాడో గానీ తెలివైనవాడు."

తర్వాత ఎలా పలకాలో అడిగింది. మామూలుగా మాట్లాడేటప్పుడు ఇతాయ్ అంటారని చెప్పాను. ఇంకో అక్షరంతో జతకట్టినప్పుడు మాత్రం త్సూ. తల అన్న అక్షరం పక్కన చేరితే జుత్సూ, తలనొప్పి. పొట్ట పక్కన చేరితే ఫుకుత్సూ, కడుపునొప్పి.

"అంటే ఇంట్లో ఒక పేరు, బయట ఒక పేరు."

"అవును నాయనమ్మా."

"దానికి మీ అక్క ఇంత గోల చేస్తోందా? నన్ను ఇంట్లో ముసలిదంటారు, బళ్ళో ఆయమ్మ అన్నారు, రేషను కార్డులో ఇంకేదో ఉంది. పిలిస్తే పలకట్లేదూ?"

నేను అక్కకి అదే చెప్పాను. అక్క నవ్వింది. ఆ తర్వాత త్సూ దగ్గర మాత్రం చాలాకాలం తడబడలేదు.

అప్పట్నుంచి ప్రతి సాయంత్రం ఆట మొదలైంది. నాయనమ్మ మంచం మీద పడుకునేది. అక్క వంగి, "ఎక్కడ నొప్పి?" అని వాళ్ళ భాషలో అడిగేది, "దొకో గ ఇతాయ్ దెస్ క?" అని. నాయనమ్మ "ఇతాయ్!" అని తన ఇష్టమొచ్చిన చోటు చూపించేది. ఒకరోజు దిండు చూపించింది. ఒకరోజు ఫ్యాను చూపించింది. మావయ్య వచ్చిన రోజున మావయ్యని చూపించింది. ఏది చూపించినా అక్క ముఖం మీద నవ్వు చెదరకుండా, "అర్థమైంది, నర్సుగారిని పిలుస్తాను" అని వాళ్ళ భాషలో చెప్పాలి. ఆ నవ్వు ముఖ్యమని మాస్టారు చెప్పాడట.

ఇంకో నియమం కూడా అక్కే పెట్టింది. ఆట నడుస్తున్నంతసేపు తెలుగు మాట్లాడకూడదు. తెలుగులో అడిగితే పలకదు. ఎంపిక దగ్గరపడేకొద్దీ ఆ నియమం సాయంత్రాన్ని దాటి రోజంతా పాకింది. ఆ రోజు పొద్దున లేస్తూనే, "పదకొండు అయ్యేదాకా నాతో ఎవరూ తెలుగులో మాట్లాడొద్దు. మాట్లాడితే నాకు ఉన్నది కూడా పోతుంది," అని చేతులు జోడించింది. అదే అక్క ఆ పొద్దున మాట్లాడిన ఆఖరి తెలుగు మాట.

నేను బాత్‌రూమ్ వైపు వెళ్ళేసరికి నాయనమ్మ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. చీర ఒకవైపంతా తడిసింది. ఒక చెయ్యి గడప మీద, ఒక చెయ్యి తుంటి మీద. అమ్మ పోసిన సబ్బునీళ్ళు ఇంకా ఆరలేదు.

"కాలు జారిందే. అరవకు," అంది.

నేను అరవలేదు. నేను ఎలాగూ అరవను. భుజం కింద చెయ్యి వేసి లేపాను. ఆవిడ నా మెడ పట్టుకుని, కుడికాలు నేలకి ఆనీ ఆననట్టు, గోడ వెంబడే మంచందాకా వచ్చింది. అమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడులో ఉంది. అక్క లోపలిగదిలో అద్దం ముందు ఉంది. ఎవరూ చూడలేదు.

మంచం మీద పడుకున్నాక నాయనమ్మ కళ్ళు మూసుకుంది. తర్వాత నాకు మాత్రమే వినబడేలా, "ఇతాయ్," అంది.

ఫ్యాను చూపించలేదు. దిండు చూపించలేదు.

"నాయనమ్మా, నిజంగానా? ఆటా?"

"ఆట కాదే."

ఆవిడ నోట నొప్పి అన్న మాట నేనెప్పుడూ వినలేదు. బళ్ళో పనిచేసినప్పుడు ఒకసారి నడుం పట్టేసిందని చెబితే, మర్నాటికి ఇంకొకామెని తెచ్చి గంట దగ్గర నిలబెట్టారట. మళ్ళీ ఆ గంట తాడు తన చేతికి రావడానికి ఎంతమందిని బతిమాలుకుందో అమ్మ చెబుతుంటుంది. అప్పట్నుంచి జ్వరం వచ్చినా ఒళ్ళు వెచ్చగా ఉందనేదే తప్ప ఇంకో మాట లేదు. తెలుగులో ఎన్నడూ అనని మాటని ఆవిడ ఇప్పుడు పరాయి భాషలో అంది.

"అమ్మని పిలుస్తాను."

నా చెయ్యి పట్టుకుంది. ముసలిదే గానీ గంట కొట్టిన చెయ్యి. "పదకొండు కానీ. వాళ్ళొచ్చి, చూసి, వెళ్ళిపోనీ. ఆ తర్వాత నేనే చెప్తాను."

"అక్క నిన్ను లేపి కుర్చీలో కూర్చోబెడుతుంది కదా!"

"పళ్ళు బిగబడతాను."

"నీకు పళ్ళెక్కడివి?"

"ఉన్న రెండూ బిగబడతానే," అని నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఇది పోతే మళ్ళీ ఎప్పుడో ఏమో. నా మూలాన పోకూడదు. నీ నోరు ఎలాగూ తెరుచుకోదుగా, ఇవాళ ఒక్కరోజు అది మనకి పనికొస్తుంది."

నేను వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అమ్మ తల తిప్పి, "ఏమే, ఏం కావాలి?" అంది. నేను నోరు తెరిచాను. ముందుగది నుంచి నాయనమ్మ గొంతు ఎప్పటిలాగే గట్టిగా వచ్చింది. "దానికి ఆకలేస్తున్నట్టుందే! పొద్దున్నుంచి పస్తుంచావ్ పిల్లని!"

"ఈ హడావిడిలో నీకు ఆకలి కూడానా?" అని అమ్మ నా చేతిలో పళ్ళెం పెట్టి, మంచం మీద వెయ్యాల్సిన దుప్పటి అంచు కుట్టడానికి మిషను వైపు తిరిగిపోయింది. నేను ఆ పళ్ళెంతో అక్కడే నిలబడ్డాను. మింగలేను, కక్కలేను.

అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క అద్దంలో తనని తాను చూసుకుంటూ పెదాలు కదుపుతోంది. జుట్టు బిగించి ముడేసుకుంది. నీలం చొక్కా వేసుకుంది. పెట్టుకున్న పిన్నీసే తీసి మళ్ళీ పెట్టుకుంటోంది.

"అక్కా, నాయనమ్మకి..." అన్నాను.

అద్దంలోంచే వేలు పెదాల మీద పెట్టింది. తెలుగు వద్దు.

సరే, వాళ్ళ భాషలోనే చెబుదామనుకున్నాను. నాకు వచ్చిన ముక్కలు కూడదీసుకున్నాను. ఒబాఆసన్ అంటే నాయనమ్మ. కోషి అంటే నడుం కింది భాగం, తుంటి. హొంతో ని అంటే నిజంగా. "ఒబాఆసన్, కోషి, ఇతాయ్," అన్నాను. "హొంతో ని. హొంతో ని."

అక్క ముఖం వెలిగిపోయింది. నడుం వంచి, చేతులు ముందు కట్టుకుని, మాస్టారు చెప్పిన నవ్వు నవ్వి, "వకరిమషిత. కంగోషిసన్ ఒ యొబిమస్," అంది. అర్థమైంది, నర్సుగారిని పిలుస్తాను. ఎక్కడా తడబడలేదు. తర్వాత నా బుగ్గ గిల్లి, బాగా అడిగావన్నట్టు తలూపి, మళ్ళీ అద్దం వైపు తిరిగింది.

ఇంకోసారి నోరు తెరిచేలోపు మావయ్య కేక వినబడింది. "సైలెన్సర్! తీగ ఎక్కడ గుచ్చాలో చూడవే, వాళ్ళొచ్చేస్తున్నారు!"

తెరలో మూడు గడులు వచ్చాయి. ఒకదాంట్లో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, ఒకదాంట్లో నెరిసిన జుట్టు పెద్దాయన, ఒకదాంట్లో మా మాస్టారు. లాప్‌టాప్ ఎత్తు బల్ల మీద ఉంది. ఆ బల్ల కింద కార్డులతో నేను. ఇది మావయ్య పథకం. కెమెరా కంటికి బల్ల కింద ఏముందో కనబడదు. అక్క ఎక్కడైనా ఆగితే నేను సరైన కార్డు వెనకవైపు తిప్పి చూపించాలి. అమ్మా, మావయ్యా వంటింటి గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

కళ్ళజోడావిడ ఒక్కో కాగితం ఎత్తి చూపిస్తుంటే అక్క చదువుతోంది. అక్షరాలు నాకు కనబడవు, అక్క గొంతే వినబడుతోంది. బాగానే చదువుతోంది. ఒకచోట ఆగింది. "అతామ..." అంది. అంటే తల. మళ్ళీ ఆగింది. నాకు అర్థమైంది. తల పక్కన నొప్పి అక్షరం. ఎన్నాళ్ళుగానో తడబడని చోటే తడబడింది. వెతికి ఆ కార్డు తిప్పి పట్టుకున్నాను. అక్క కళ్ళు కిందకి వాలి పైకి లేచాయి. "జుత్సూ," అంది.

పైన ఆవిడ మెచ్చుకుంటూ ఏదో అంది.

ఇక రెండో భాగం. అక్క మంచం పక్కకి వచ్చింది. బల్ల కింద నుంచి నాకు మంచం పక్కభాగం, కింద వేలాడుతున్న దుప్పటి అంచు కనిపిస్తున్నాయి. పైనున్నవాళ్ళకి నాయనమ్మ ముఖం కనిపిస్తుంది. నాకు కనిపించేది ఆవిడ చెయ్యి. గోడవైపు కాదు, ఇటువైపు చెయ్యి. అది దుప్పటి కిందనుంచి మంచం పట్టెని పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"నొప్పిగా ఉన్న చోటు ఏదైనా ఉందా?" అని అక్క వాళ్ళ భాషలో అడిగింది.

"ఇతాయ్," అంది నాయనమ్మ. ముందుగా అనుకున్నట్టే మోకాలు చూపించి ఉంటుంది. అక్క, "మోకాలా? అర్థమైంది," అని నెమ్మదిగా నిమిరింది. మాస్టారి గొంతులో సంతోషం వినబడింది. అన్నీ అనుకున్నట్టే జరుగుతున్నాయి. పట్టె మీది చెయ్యి మాత్రం సడలలేదు.

అక్క ఒక చెయ్యి భుజాల కిందకి, ఒక చెయ్యి మోకాళ్ళ కిందకి పోనిచ్చింది. "లేపుతున్నాను, సరేనా? ఇచి, ని..." ఒకటి, రెండు అని లెక్కపెడుతోంది.

నేను లేచాను. బల్ల కింద ఉన్నానన్నది మరిచిపోయి లేచాను. తల బల్లకి కొట్టుకుంది, లాప్‌టాప్ ఎగిరి పడింది, కార్డులన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి.

"యమెతె కుదసాయ్!" అన్నాను. ఆపండి, దయచేసి. ఆ గొంతు నాదేనా అనిపించేంత గట్టిగా వచ్చింది. తర్వాత తెలుగు దానంతటదే వచ్చేసింది. "లేపకక్కా! పొద్దున బాత్‌రూమ్ దగ్గర పడింది. తుంటి. నిజంగా నొప్పి!"

"ఏయ్, కూర్చో!" అక్క నవ్వు చెదరకుండానే పళ్ళ మధ్యనుంచి అంది.

"అబద్ధం!" అంది నాయనమ్మ. "దానికి మతిపోయింది! నాకేం కాలేదు, చూడండి, ఇదిగో, నేనే లేస్తా..."

నిజంగానే లేవబోయింది. సగం లేచాక "అమ్మోయ్!" అని అరిచింది. ఆ అరుపు విని వీధిలో కుక్క మొరిగింది. అక్క చేతులు వెనక్కి తీసేసుకుంది, నిప్పు ముట్టుకున్నట్టు.

కళ్ళజోడావిడ తెరకి దగ్గరగా వచ్చి గబగబా ఏదో చెబుతోంది. నాకు అందులో ఆసుపత్రి అన్న ఒక్క ముక్క తెలిసింది. అక్క తెర వైపు తిరిగి వంగి, "సుమిమసెన్, సుమిమసెన్," అని క్షమాపణ చెబుతూనే ఉంది. మాస్టారే తెలుగులో అరిచాడు. "అమ్మాయ్! ఆవిడ క్షమాపణలు అడగట్లేదు. ముందు పెద్దావిడ సంగతి చూడమంటోంది. పెట్టేయ్, పెట్టేయ్!"

మావయ్య లాప్‌టాప్ మూసేశాడు.

అమ్మ బట్టలు కత్తిరించే చెక్కబల్ల మీద నాయనమ్మని పడుకోబెట్టి మోసుకెళ్ళారు. మావయ్య ట్రాలీ ఆటోలో వెనక దుప్పట్లు పరిచారు. ఎక్కిస్తుంటే నొప్పికి ముఖం చిట్లిస్తూనే, "నా మీద కొలతలు గీయకుండా తీసుకెళ్ళండి," అంది అమ్మతో. నా వైపు చూడలేదు.

ఆసుపత్రిలో ఫొటో తీశారు. తుంటి ఎముక చీలిందని, ఆపరేషన్ కావాలని చెప్పారు. పొద్దున తను పోసిన సబ్బునీళ్ళ గురించి ఎవరూ ఏమీ అనకపోయినా, అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

అక్క వరండాలో బల్ల మీద కూర్చుంది. నేను కాస్త దూరంగా కూర్చున్నాను.

"నీకు పొద్దున్నే తెలుసా?" అంది.

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"అద్దం దగ్గర."

అక్క నా వైపు తిరిగింది. గుర్తుకు తెచ్చుకోవడం ఆమె ముఖంలో కనిపించింది. తర్వాత ముఖం తిప్పేసుకుంది.

"తెలుగులో చెప్పి చావొచ్చుగా!"

"నువ్వే వద్దన్నావ్."

"నేను బావిలో దూకమంటే దూకుతావా?" అక్క లేచి నిలబడింది. "చెప్పేదానివి ముందే చెప్పాలి. లేకపోతే చివరిదాకా నోరు మూసుకోవాలి. సరిగ్గా మధ్యలో ఏంటే? వాళ్ళ ముందు ఏంటి? సొంత నాయనమ్మకి నొప్పో, నాటకమో కనిపెట్టలేనిది ముక్కూమొహం తెలియనివాళ్ళని ఏం చూసుకుంటుందనుకోరూ?"

ముందు చెప్పి ఉంటే అక్కకీ మంచిదయ్యేది, నాయనమ్మకీ మంచిదయ్యేది. చివరిదాకా చెప్పకపోతే అక్కకైనా మంచిదయ్యేదేమో. అక్క చెప్పింది నిజమే. ఎవరికీ మంచి కాని క్షణంలో నా నోరు తెరుచుకుంది. అయినా ఆ చెయ్యి అక్క చూడలేదు. నేను చూశాను.

నాయనమ్మని చూడటానికి లోపలికి వెళ్ళాను. సూది మందుకి కళ్ళు మూతలు పడుతున్నాయి. నేనని తెలిసి, అటు తిరగలేక, తల మాత్రం గోడవైపు తిప్పింది.

"నోటికాడి కూడు లాగేశావే దానిది."

"లేపితే ఇంకా విరిగేది నాయనమ్మా."

"విరిగితే నాది విరిగేది. నీదా?" కాసేపు ఊపిరి తీసుకుంది. "కాస్త ఓర్చుకుంటానన్నాను. నా నొప్పి. నేను ఓర్చుకుంటానంటే నీకేం బాధ?"

నాకు బాధగా ఉందని చెప్పాలనుకున్నాను. మంచం కింద ఎవరో స్టీలు బొక్కెన పెట్టి వెళ్ళారు. దాన్నే చూస్తూ నిలబడ్డాను. నాయనమ్మకి నిద్ర పట్టేసింది.

మధ్యాహ్నం దాటాక మాస్టారు ఫోను చేశాడు. ఫోను మావయ్య చేతిలో ఉంది గానీ ఆయన గొంతు మా అందరికీ వినబడింది. ఆ కళ్ళజోడావిడ ముందు పెద్దావిడ ఎలా ఉందని అడిగిందట. తర్వాత అక్కతో ఇంకోసారి మాట్లాడతానందట, ఈ సాయంత్రమే. లేపడాలూ దించడాలూ ఏం వద్దట. ఊరికే మాట్లాడాలట.

"ఉద్యోగం ఇచ్చేస్తారంటారా?" అన్నాడు మావయ్య.

"నాకేం తెలుసండీ? వద్దనుకున్నా ఎదురుగా చెప్పడం ఆవిడకి అలవాటు. అడిగినదానికి నిజం చెప్పమనండి. ఇంకో మాట. బల్ల కిందెవరో ఉన్నారని వాళ్ళు చూశారు కదా. ఈసారి గదిలో ఒక్కతే ఉండాలన్నారు. తలుపు వేసి ఉండాలన్నారు."

అమ్మ ఆసుపత్రిలోనే ఉండిపోయింది. మావయ్య మా ఇద్దరినీ ఆటోలో ఇంటికి తెచ్చి దింపాడు. దారిలో ఒక్క జోకు కూడా వెయ్యలేదు. దిగేటప్పుడు మాత్రం నా తల మీద బల్ల తగిలిన చోట వేలితో నొక్కి, "బొప్పి కట్టిందే," అని ఊరుకున్నాడు.

ముందుగది మేం వదిలి వెళ్ళినట్టే ఉంది. మంచం అడ్డదిడ్డంగా జరిగి ఉంది, దుప్పటి నేల మీద పడి ఉంది. కార్డులు అంతటా పడి ఉన్నాయి, కొన్నింటి మీద చెప్పుల మరకలు. అక్క వాటిని దాటుకుంటూ వెళ్ళి ముఖం కడుక్కుంది. నేను ఒక్కొక్కటే ఏరి, తుడిచి, వరసలో పెట్టాను. అక్క లాప్‌టాప్ తీసుకుని లోపలిగదిలోకి వెళ్ళింది. నేను కార్డుల కట్టతో వెనకే వెళ్ళాను. అలవాటుగా వెళ్ళాను. గుమ్మం దగ్గరికి వెళ్ళేదాకా మాస్టారి మాట నాకు గుర్తు రాలేదు.

అక్క కుర్చీలో కూర్చుని మూసి ఉన్న లాప్‌టాప్ వైపు చూస్తోంది. నీలం చొక్కా మీద నాయనమ్మ తలనూనె మరక ఉంది. మార్చుకోలేదు.

"మొదట నాయనమ్మ ఎలా ఉందనే అడుగుతుంది," అంది, నన్ను చూడకుండానే.

"అవును."

"తర్వాత పొద్దున నాకు తెలుసా అని అడుగుతుంది."

నేను కార్డుల అంచులు సరిచేశాను.

"చెల్లి చెప్పింది గానీ నాకు అర్థం కాలేదని ఎలా చెప్పాలి?"

అది నాకు తెలుసు. అందులోని ముక్కలన్నీ నా చేతిలో ఉన్న కార్డుల్లోనే ఉన్నాయి. చెల్లెలికి ఒక కార్డు, చెప్పడానికి ఒకటి, అర్థం కావడానికి ఒకటి. "ఇమోతో గ..." అని మొదలుపెట్టాను.

అక్క చెయ్యి ఎత్తింది. "వద్దు. చెప్పకు."

లేచి నా దగ్గరికి వచ్చింది. ఏడ్చిన కళ్ళు ముఖం కడిగినా ఎర్రగానే ఉన్నాయి. నేను కార్డుల కట్ట చాచాను. కావాలంటే తనే ఉంచుకోవచ్చు కదా అనుకున్నాను. అక్క దాని వైపు చూసింది, తీసుకోలేదు. నా మీద కోపంతోనో, వాళ్ళు ఒక్కతే ఉండాలన్నారనో నాకు తెలియలేదు. అడుగుదామనుకున్నాను. లోపల లాప్‌టాప్ మోగడం మొదలైంది. అక్క నా భుజం మీద చెయ్యి పెట్టి, గడప అవతలికి ఒక్క అడుగు వెనక్కి జరిపి, తలుపు వేసేసింది.